తోక వంకరా, నిటారా?

మదనపల్లెలో దూడంత ఉన్న అడవి పంది పుంగనూరు చేరేసరికి బర్రెంత అవుతుంది. కుప్పం బస్సెక్కిందంటే ఇక ఏనుగే. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర కూడా ఇంత తొందరగా పెరగదు.

మొన్న పొద్దున పుంగనూరులో ఒక టీ కొట్టు ముందు నిలబడి ఉంటే, కుర్రోడొకడు బండి దిగి రొప్పుతా వచ్చినాడు. మొబ్బులో వస్తా ఉంటే రోడ్డుకు అడ్డంగా పంది దూకిందంట. ఎంతుందిరా అంటే రెండు చేతులూ చాపినాడు. అవి చాలక పక్కనోడి చెయ్యి కూడా కలుపుకున్నాడు. బెంచీ మీదున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టినాడు. ఆయన ఒకప్పటి వేటగాడు.

"తోక వంకరా, నిటారా?"

కుర్రోడికి తోక గుర్తు లేదు.

"మెడ మీద జూలు లేచి ఉండిందా?"

అదీ గుర్తు లేదు.

"గాలి ఎటునుంచి కొడతా ఉండింది?"

"గాలితో నాకేం పని తాతా?"

"నీకు లేదు, దానికుండాది. పందికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. నువ్వు పూసుకున్న సెంటుకే అది గుట్ట దిగి పారిపోయుంటుంది. నువ్వు చూసింది మున్సిపాలిటీ పందిని."

తీర్పు వచ్చేసింది. ఊరపంది తోక మెలి తిరిగి ఉంటుంది, అడవి పందిది తిన్నగా కొసన కుచ్చుతో ఉంటుంది. ప్రాణభయంతో బ్రేకు తొక్కేవాడు ముందు వెనక చక్రం చూసుకుంటాడా, పంది తోక చూస్తాడా అని అడగాలనిపించింది గానీ, నిపుణుల మధ్య మనమెందుకు?

కుర్రోడు బేరానికి దిగినాడు. "బర్రెంత వద్దులే తాతా, ఆవంత."

"ఏ ఆవు?"

"మనూరి ఆవే."

పెద్దాయన ఆలోచనలో పడినాడు. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగుల లోపే. బాగా ఎదిగిన మగ పంది మూపు కూడా ఇంచుమించు అంతే. "అదైతే ఒప్పుకుంటా" అన్నాడు. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి చేతి మేత తిన్న జాతి, సొంతూర్లో పందికి కొలబద్ద అయింది.

వేటగాడు ఇంకొకడి మాట నమ్మిన దాఖలా పురాణాల్లోనే లేదు. మూకాసురుడు పంది రూపంలో వస్తే అర్జునుడూ, కిరాతుడి వేషంలో ఉన్న శివుడూ ఒకేసారి బాణాలేసినారు. పంది చచ్చింది. నా బాణమా, నీ బాణమా అని కొట్లాట మొదలైంది. చివర్లో పాశుపతం దొరికింది గనక సరిపోయింది, మా వైపైతే ఆ పంచాయితీ ఇంకా నడుస్తా ఉండేది. శ్రీకాళహస్తి తిన్నడి తీరు వేరు. పందిని కొట్టి, కాల్చి, నమిలి రుచి చూసి మరీ స్వామి ముందు పెట్టినాడు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సాక్ష్యం దొప్పలో పెట్టి చూపిన వేటగాడు ఆయనొక్కడే.

ఇక ఆ "ఒకప్పటి" సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినాక వేటగాళ్లందరూ మాజీలైపోయినారు, కాగితం మీద. పంట కాపలాకు నాటు తుపాకి లైసెన్సు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. అయితే తుపాకి చేతిలో ఉన్నా, పంది ఎదురుగా ఉన్నా, అనుమతి లేకుండా పేలిస్తే ముద్దాయి అయ్యేది రైతే. పైగా ఎన్నికలొస్తే ఆ తుపాకి పోలీస్‌స్టేషన్లో అప్పజెప్పాల. పందికి ఎన్నికల కోడ్ లేదు. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులే పందిని కాల్చే ఉత్తర్వు ఇవ్వొచ్చని చెప్తే పెద్దాయన అదీ నమ్మలేదు.

నా అనుమానం ఇక్కడే మొదలైంది. బజార్లో ఈయన "ఈ గుట్టల్లో పందులెక్కడివి, ఎప్పుడో పోయినాయి" అంటాడు. ఇంట్లో సంగటి రెండో ముద్ద దగ్గర తాను కొట్టినవాటి లెక్క విప్పుతాడు. పందుల్లేని గుట్టలో వేటగాడుండడు, వేటగాడు లేనిచోట ఫారెస్టోళ్లు సంచి విప్పి చూడరు. ఆదివారాలు కొన్ని ఇళ్లలోంచి వచ్చే మసాలా వాసన గురించి నేనేమీ రాయను. ఆ వీధిలో నాకు బంధువులున్నారు.

కుప్పం వాళ్లకు ఈ గొడవంతా చిన్నపిల్లల ఆట. పక్క రాష్ట్రాల అడవుల్లోంచి 1980ల్లో ఏనుగులొచ్చి ఇక్కడే ఉండిపోతే, 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టినారు. 2025లో కర్ణాటక నుంచి మచ్చిక చేసిన కుంకీ ఏనుగులను కూడా తెచ్చుకున్నారు. అక్కడ పంది అన్నామంటే "కుక్కను ఉసిగొల్పు పో" అంటారు.

బెంచీ చివర ఒక రైతు కూర్చుని ఉన్నాడు. ఆయన పందిని చూడలేదు. తువ్వాల్లోంచి ఒక సెనక్కాయ చెట్టు తీసి బల్ల మీద పెట్టినాడు. ఆకు పచ్చగా ఉంది, కింద కాయల్లేవు, వేరుకు నమిలిన పొట్టు అంటుకుని ఉంది.

"అడుగులెట్లుండాయి?" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి.

"ముందర రెండు గిట్టలు, వెనక రెండు చుక్కలు. చిన్నవి చానా ఉండాయి."

"పిల్లల తల్లి. ఈ రాత్రికి మళ్లీ వస్తుంది."

తోక ఊసే ఎత్తలేదు. ఇంతమందిలో ఆయన నమ్మింది పందిని చూడనివాణ్ణే. పంట పోయిందని చెప్పుకోబోతే ఒక ఆఫీసులో మాత్రం పంది ఫొటో ఉందా అని అడిగినారంట. తిరుమలలో తొలి దర్శనం వరాహస్వామికి, ఆ కొండ మొదట ఆయనదేనని స్థలపురాణం. అంతటి పట్టాదారు వంశం గెనిమ దాటి వచ్చేటప్పుడు ఫొటోకు నిలబడుతుందా?

"తాతా, ఈ రాత్రి కాపలాకు తోడొస్తావా?"

"నాకు మొబ్బులో కండ్లు ఆనవు నాయనా."

కుర్రోడి వైపు చూసినాడు. వాడు అప్పటికే బండి స్టార్ట్ చేసినాడు.

పక్క చేనాయన కరెంటు తీగ లాగమని సలహా ఇచ్చినాడంట. నీళ్లు కట్టపోయే మనిషి ముందు తగులుకుంటాడని ఈయన ఒప్పుకోలేదు. చేను చుట్టూ పాత చీరలు కడతా ఉన్నాడు. ఇంకో ఇరవై దాకా కావాలంట. మీ ఇంట్లో ఉంటే పంపండి, రంగు ఏదైనా ఫరవాలేదు.