లైటులార్పి పద్యము: ‘చార్జరు’ అను వ్యాఖ్యతో

అవతారిక

షోలాపూర్ పూర్వ భాగ్‌లో, అంటే తూర్పు పేటలో, మగ్గాల చప్పుడు ఆగితే రెండు సంగతులు జరుగుతాయి. ఆ చప్పుడుకే అలవాటుపడి నిద్రపోయిన పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. మా ఫొటోల పిచ్చివాళ్లు ట్రైపాడ్లు భుజాన వేసుకుని బయల్దేరతారు. పగలంతా టవళ్ల కార్ఖానాలోనో సైజింగులోనో పని, రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో చీకటి చేసుకుని, కెమెరా షట్టరు తెరిచి ఉంచి, టార్చి వెలుగుతో ఫొటోకు రంగులద్దడం. కొత్తగా చేరిన ప్రతివాడికీ పాతవాడు చెప్పే నాలుగు మాటలున్నాయి. వాటిని ఆటవెలదిలో కూర్చాను. కవీ నేనే, వ్యాఖ్యాతా నేనే కనుక కవి హృదయం అందలేదనే సాకు నాకు లేదు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మెదక్ జిల్లా కొల్చారం వాడు. మా తాతలూ తెలంగాణ జిల్లాల నుంచే నేతపని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. ఆ చుట్టరికం చెప్పుకుని ఈ సాహసం. చెడు వ్యాఖ్యల విషానికి సొమ్మసిల్లిన కావ్యాన్ని లేపుతుందని ఆయన తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. మా కాలంలో సొమ్మసిల్లేవి ఫోన్లు, కెమెరాలు. అందుకని నాది ‘చార్జరు’.

మూలము

లైటు లార్పి నిలువు లావు చద్దరు గట్టి
కదలకుండ నుండు గడియ సేపు
టార్చి తిప్పువాడు డాగెఁ జీకట్లలో
రూపు నీది, వెలుగు రువ్వె నతడు.

టీక

లైటులు + ఆర్పి = దీపాలన్నీ తీసివేసి. అన్నీ అనగా ట్యూబులైటు ఒక్కటే కాదు. కిటికీలోంచి తొంగిచూసే వీధి దీపం, టీవీ మూలనున్న ఎర్రచుక్క, దేవుడి గూట్లో చిన్న బల్బు కూడా. షట్టరు అరనిమిషం తెరిచి ఉంటే ఇవన్నీ పిలవని చుట్టాల్లా లోపలికి వచ్చి కూర్చుంటాయి. దేవుడి దీపం ఆర్పరాదని అవ్వల మతం. దానికి స్టీలు గ్లాసు అడ్డం పెట్టడం మా శిష్టాచారం.

నిలువు = ఇది శ్లేష. ‘నిలబడు’ అని క్రియగా చెప్పుకోవచ్చు, ‘నిలువుగా’ అని చద్దరుకు ముడిపెట్టుకోవచ్చు. పడుగు నిలువు, పేక అడ్డం అని పుట్టుకతో తెలిసిన పేటలో రెండో అర్థమే చెల్లుతుంది. పైగా నిలబడ్డ మనిషి చీకట్లో తనకు తెలియకుండానే ఊగుతాడు. గోడకు ఆనించి కూర్చోబెట్టడమే మేలు.

లావు చద్దరు = దళసరి షోలాపూర్ చద్దరు. ఇక్కడ ‘లావు దుప్పటి’ అని హైదరాబాదు పాఠాంతరం ఉంది. గణాలకు రెండూ సరిపోతాయి, షోలాపూర్‌కు దుప్పటి సరిపోదు. చద్దరుకూ టెర్రీ టవలుకూ మా ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు ఉంది, దాన్ని దుప్పటి చేసి పోగొట్టుకోలేం. చద్దరు కిటికీకి కడితే వీధి దీపం ఆగుతుంది. తిరగేస్తే దాని మీద నేసిన నెమలి రంగూ నేల రంగూ తారుమారవుతాయి కనుక పాత ఫిల్ము నెగటివు ఎట్లా ఉండేదో పిల్లలకు చూపడానికీ పనికొస్తుంది. తెల్ల టెర్రీ టవలు సంగతి పద్యంలో ఇమడలేదు. పగటిపూట కిటికీ పక్కన ముఖం తీసేటప్పుడు నీడపడ్డ చెంప వైపు దాన్ని పట్టుకుంటే వెలుగు మెత్తగా తిరిగివస్తుంది. దాని పోగుల ఉంగరాల మీద పడ్డ కాంతి చెదురుతుంది కాబట్టి అద్దంలా కళ్లలో పొడవదు.

కదలకుండ నుండు = ఇక్కడ పూర్వపక్షం: ఊపిరి ఉన్న మనిషి కదలకుండా ఎట్లా ఉంటాడు? 1839లో ఫొటో లోకానికి తెలిసిన కొత్తలో కూడా ఇదే చిక్కు. కూర్చున్నవాళ్ల తల వెనక ఇనుప ఊతం పెట్టి బిగించేవారు. సిద్ధాంతం: బిగించనక్కర లేదు. టార్చితో మొదట ముఖం మీద రెండు సెకన్లలో పని ముగించి, ఆ తర్వాత తీరిగ్గా చీర, చేతులు, వెనక గోడ పూయాలి. చీకట్లో తల కదిలినా కెమెరాకు కనబడదు. వెలుగు పడ్డ క్షణమే దానికి లోకం. లేదా షట్టరు తెరిచినప్పుడు ఒక్కసారి ఫ్లాష్ కొట్టి ముఖాన్ని ముద్ర వేసుకోవాలి. ‘కదలకుండ’ అన్నది కెమెరాకూ వర్తిస్తుంది. పక్కింట్లో పవర్‌లూమ్ ఆడుతుంటే నేల అదిరి ట్రైపాడ్ కాళ్లు వణుకుతాయి, ముక్కు రెండవుతుంది. మగ్గాలు ఆగాకే మా పని మొదలయ్యేది అందుకే. బటను నొక్కిన వేలి అదురు కూడా తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టుకోవాలి.

గడియ సేపు = గడియ అనగా 24 నిమిషాలు. ఇది అతిశయోక్తి అని మొదట అనిపిస్తుంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, ఇరవై ముప్పై సెకన్లు, ఇంతే మా లెక్క. చాలా కెమెరాల్లో ముప్పై దాటాలంటే ‘బల్బు’ అనే గుర్తుకు తిప్పాలి. బల్బు అనగా దీపమని కొందరు భ్రమపడతారు. పూర్వం షట్టరును గాలితో తెరవడానికి నొక్కే రబ్బరు బుగ్గకు ఆ పేరు. నొక్కినంతసేపు తెరిచి ఉండేది కనుక ఆ పేరే నిలిచింది. ఇక ఫొటోకు కూర్చున్న అవ్వ వైపు నుంచి చూడండి. ఆమె బీడీలు చుడుతుంది, కూలి వెయ్యికింత అని లెక్క. చేటలో ఆకు, తంబాకు ఎదురు చూస్తున్నాయి. చుట్టే చేతులు రెండూ ఒడిలో ఊరకే ఉన్నాయి. ‘గింతసేపా బిడ్డా!’ అంటుంది ఆమె. అప్పుడు ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి.

టార్చి తిప్పువాడు = తిప్పడంలోనే విద్య అంతా ఉంది. టార్చిని మనిషి వైపు తిప్పితే రంగు పూసినట్టు, కెమెరా వైపు తిప్పితే గాలిలో గీత గీసినట్టు. ఎదురుగా నిలబడి ముఖం మీద కొడితే అప్పడం అవుతుంది. పక్కనుంచి, కొంచెం పైనుంచి జారవిడిస్తే చెంప ఎముకా ముడతలూ కంటి మెరుపూ నిలుస్తాయి. ఒక మీటరు దూరం నుంచి ఐదు సెకన్లు చాలితే రెండు మీటర్ల నుంచి ఇరవై కావాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. రంగు కావాలంటే గాలిపటం కాగితం చుట్టండి. గాలిలో పేరు రాయాలంటే తిరగేసి రాయాలి, లేదా ఫొటోను తర్వాత తిప్పుకోవాలి. తెలుగు అక్షరం గుండ్రన కాబట్టి మణికట్టు సులువుగా తిరుగుతుంది, తలకట్టు దగ్గర మాత్రం టార్చి ఆర్పి వెలిగించాలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన మా పిల్లలు నాగరి లిపిలో రాసి పైన ఒక్క గీత లాగేస్తారు. 1935లో కళాకారుడు మాన్ రే తన ఫొటోలో వెలుగుతో పిచ్చిగీతలు గీశాడనే అందరూ అనుకున్నారు. అద్దంలో చూస్తే అది ఆయన సంతకమని దశాబ్దాల తర్వాత బయటపడింది.

డాగెఁ జీకట్లలో = చీకటిలో దాగినాడు. నల్ల చొక్కా తొడుక్కుని, టార్చికీ కెమెరాకూ నడుమ తన వీపు అడ్డం పెట్టి, ఎక్కడా ఆగకుండా నడిచేవాడు ఫొటోలో పడడు. ఆగితే దయ్యంలా పడతాడు. ఇక్కడి అరసున్నను గమనించండి. నోట పలకదు, కానీ ‘చీకటి’ని ‘జీకటి’ చేసింది అదే. టార్చివాడూ అంతే.

రూపు నీది, వెలుగు రువ్వె నతడు = రువ్వుట రాయికి చెల్లుతుంది, నాడెకు చెల్లుతుంది, వెలుగుకు చెల్లించింది కవి ధైర్యం. వెలుగు రువ్వినవాడి గతికి రెండు ఉదాహరణలు. 1914 ప్రాంతంలో అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు పనివాళ్ల చేతులకు చిన్న దీపాలు కట్టి షట్టరు తెరిచి ఉంచారు. పనిలో వృథా కదలిక ఎంతో తేల్చడానికి. ఫొటోల్లో చేతుల బాట తెల్లటి దారంలా మిగిలింది, మనిషి మసకైపోయాడు. 1949లో ఫొటోగ్రాఫర్ జాన్ మిలి చీకట్లో చిత్రకారుడు పికాసో చేతికి చిన్న దీపమిచ్చి గాలిలో బొమ్మలు వేయించాడు. అందులో మాత్రం దీపం పట్టినవాడు కనబడతాడు, అతని కోసం ఫ్లాష్ కొట్టారు కనుక. కాబట్టి సూత్రమేమంటే, వెలుగు పట్టిన చేయి మనిషిగా కనబడాలంటే అది పికాసోదై ఉండాలి.

అలంకారము: విభావన. కారణం కనబడకుండానే కార్యం కనబడుతున్నది.

తాత్పర్యము

ఓ అవ్వా! దీపాలు తీసి, కిటికీకి చద్దరు కట్టి, కాసేపు కదలకుండా కూర్చో. టార్చి పట్టినవాడు నీ చుట్టూ చీకట్లో తిరుగుతాడు. ఫొటోలో నువ్వుంటావు, అతడుండడు. నువ్వు కప్పుకునే చద్దరులో నెమలి ఉంది, నేసినవాడు లేడు. అది నీకు కొత్త సంగతి కాదు.

కొత్త కాదు కాబట్టే కాబోలు, తెరమీద తన ఫొటో చూసి అవ్వ అరక్షణమే మురిసింది. ‘మంచిగుంది. మరి నువ్వేడున్నవురా?’ అని అడిగింది. సూత్రాలన్నీ చెప్పాం. వినలేదు. ‘లైటెయ్యి బిడ్డా, నువ్వుగూడ వచ్చి కూసో’ అంది. ట్యూబులైటు వేసి ఫోనుతో ఎవరో ఠక్కున తీశారు. చేయి అదిరింది, గోడ వంగింది, ముఖాలు రెండూ అప్పడాలయ్యాయి. ఇప్పుడు వాళ్ల గోడమీద అద్దం కట్టించి ఉన్నది ఆ ఫొటోయే. అందులో అతని చేతిలో టార్చి, ఆర్పడం మరిచిపోయి, వెలుగుతూనే ఉంది.