నీటి అడుగున జీరో

నేను జీరోని. జపాన్ నౌకాదళం కోసం మిత్సుబిషి రూపుదిద్దిన యుద్ధవిమానాన్ని. ముక్కులో పద్నాలుగు సిలిండర్ల సకాయె ఇంజను, రెక్కల్లో 20 మి.మీ. ఫిరంగులు. ఒళ్లు తేలికైతే దూరం ఎగరొచ్చు, చటుక్కున తిరగొచ్చు అని నా బరువును గ్రాము గ్రాము తగ్గించారు. ఆఖరికి పైలట్ వీపు వెనక ఉక్కు పలక కూడా పెట్టలేదు. తూటా దిగితే తనంతట తానే పూడుకునే ఇంధన ట్యాంకులూ ఇవ్వలేదు. ఆ పొదుపుకు ఎందరు కుర్రాళ్లు గాల్లోనే కాలిపోయారో! దాన్ని నేనెప్పటికీ గొప్పగా చెప్పుకోలేను.

1943 డిసెంబరు 26న అమెరికా మెరైన్లు న్యూ బ్రిటన్ దీవిలోని కేప్ గ్లౌస్టర్‌లో దిగారు. ఆ పోరాటాల రోజుల్లోనే అదే దీవి పక్కనున్న కింబే అఖాతంలో, ఒడ్డుకు దగ్గరలో మునిగాను. 2000 జనవరిలో సముద్రపు దోసకాయలనే జీవుల కోసం ఊపిరి బిగబట్టి దిగిన ఊరివాడొకడు నన్ను చూశాడు. అప్పటికి ఈ దీవి ఉన్న పాపువా న్యూగినీ స్వతంత్ర దేశమైపోయింది.

ఇప్పుడు డైవింగ్ కొత్తగా నేర్చినవాళ్లు కూడా వస్తారు. తొలి కోర్సు చేసినవారికి 18 మీటర్లు హద్దు. నేను ఆ హద్దులోనే ఉన్నాను. మునిగిన ఓడలో లాగా దారితప్పే గదులు నాలో లేవు. ఒక్క చుట్టు ఈదితే ముక్కు నుంచి తోక దాకా చూసేయొచ్చు.

కొత్తవాళ్లు భయంకొద్దీ నడుముకు సీసపు బరువులు ఎక్కువ కట్టుకొస్తారు. కిందికి లాగేస్తుంటే కాళ్లు తపతపా కొడతారు. బురద రేగి నేనే కనపడకుండా పోతాను. కాస్త ఆగండి. నిదానంగా గాలి పీల్చండి, కొద్దిగా పైకి తేలతారు, వదలండి, దిగుతారు. ఆ పట్టు దొరికాక టార్చి వేయండి. నీలి బూడిదరంగులో కనిపించిన స్పాంజి ఒక్కసారిగా ఎర్రగా మెరుస్తుంది. లోతుకు వచ్చేసరికి ఎరుపును నీళ్లు మింగేస్తాయి మరి.

రెక్క అంచు మాత్రం పట్టుకోకండి. ఉక్కు బోల్టులు తగిలినచోట నా అల్యూమినియాన్ని ఉప్పునీళ్లు తొందరగా తినేస్తాయి. కాక్‌పిట్ చూడాలంటే పైనుంచి తొంగిచూడండి, లోపల కూర్చోకండి; ఫొటో కోసమైనా సరే. ఇంజను దగ్గర అందరూ మైమరిచిపోతారు. అక్కడ సిలిండర్లు లెక్కపెట్టేముందు మీ గేజీలో గాలి ఎంతుందో చూసుకోండి.