పెళ్ళికి వెళ్తూ చంకన పిల్లి

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం మన దగ్గర తెలివితక్కువతనం. హాలీవుడ్‌లో అదే కథావస్తువు. తోడు అనే ఆ పిల్లి లేకుండా వస్తే అక్కడ పరువే పోతుంది.

2005లో వచ్చిన 'ది వెడ్డింగ్ డేట్' చూడండి. లండన్‌లో హీరోయిన్ చెల్లెలి పెళ్ళి. తోడుపెళ్ళికొడుకు ఎవరయ్యా అంటే, అక్కను చేసుకుంటానని మాటిచ్చి వదిలేసిన ఘనుడు. వాడి ఎదుట ఒంటరిగా కనబడలేక ఆవిడ 6,000 డాలర్లు పోసి ఓ మగవాణ్ణి అద్దెకు తెచ్చుకుంది. కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చే మన టెంట్‌హౌస్‌వాళ్ళకు ఈ సరుకు తట్టనేలేదు, పాపం!

2016లో 'మైక్ అండ్ డేవ్ నీడ్ వెడ్డింగ్ డేట్స్'. ఏ శుభకార్యానికెళ్ళినా రచ్చ చేసే అన్నదమ్ములకు తండ్రి హుకుం: బుద్ధిమంతులైన అమ్మాయిల్ని వెంటబెట్టుకొస్తేనే చెల్లి పెళ్ళికి రండి. 2013లో ఇద్దరు నిజం అన్నదమ్ములు క్రెయిగ్స్‌లిస్ట్ వెబ్‌సైట్‌లో వేసిన ప్రకటనే దీనికి మూలం. సినిమాలో దొరికిన అమ్మాయిలు వీళ్ళను మించిన ఘటాలు. టీచరునని ఒకతి, హెడ్జ్ ఫండ్ మేనేజరునని ఇంకొకతి బొంకి, ఉచితంగా హవాయి చేరారు. వీళ్ళందరి అల్లరికి పెళ్ళినాటికి పెళ్ళికూతురి మొహం కమిలిపోయింది. అయినా ఫర్వాలేదు. ఒంటిగా చేస్తే అల్లరి, జంటగా చేస్తే ప్రేమ!

2019 నాటి 'ప్లస్ వన్'లో ఇద్దరు స్నేహితులు వేసవి పెళ్ళిళ్ళన్నిటికీ ఒకరికొకరు తోడెళ్ళాలని ఒప్పందం చేసుకుంటారు. హీరో జాక్ క్వెయిడ్, మెగ్ ర్యాన్ కొడుకు. 1989లో 'వెన్ హ్యారీ మెట్ శాలీ'లో తల్లి స్నేహితుణ్ణే పెళ్ళాడింది. స్నేహాన్ని ప్రేమగా మార్చడం ఆ ఇంటి కులవృత్తి కాబోలు.

తోడు లేనివాణ్ణి చిన్నచూపు చూసే లోకాన్ని ఈ సినిమాలు గంటసేపు వెక్కిరిస్తాయి. చివరి పది నిమిషాల్లో దాని కాళ్ళమీదే పడతాయి. అద్దెమనిషి ప్రియుడౌతాడు, బొంకినమ్మ మనసిచ్చేస్తుంది, స్నేహితులు ముద్దులు పెట్టుకుంటారు. మనమేం తక్కువ తిన్నామని? 'సకుటుంబ సపరివార సమేతంగా' రమ్మని శుభలేఖ పంచి, ఒంటరిగా వచ్చిన పిల్లను బంతిలో కూర్చోకముందే "నీదెప్పుడే?" అని నిలదీస్తాం.

ఒంటరిగా వచ్చి, కడుపునిండా తిని, కానుకిచ్చి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయిన మనిషి మీద మాత్రం ఎవరూ సినిమా తీయరు. ఆ మనిషికి ఏ లోటూ లేదని ఒప్పుకుంటే, ఇక టిక్కెట్లు ఎవరికి అమ్ముతారు?