ఐదు లెక్కలో ఒక రికార్డు

నా అట్ట మీద ఒక బోర్డు వేలాడుతుంటుంది. దుకాణం మూసి భోజనానికి వెళ్లినవాళ్లు ఎన్నింటికి తిరిగొస్తారో చూపే గడియారం బోర్డు. దానికి ముళ్లు రెండు కాదు, చాలా ఉన్నాయి, తలో దిక్కు చూపిస్తాయి. ఆ అట్ట రీడ్ మైల్స్ చేశాడు. లోపలున్న పన్నెండంగుళాల జాజ్ రికార్డుని నేను. పేరు ‘ఔట్ టు లంచ్’.

నన్ను కన్నవాడు ఎరిక్ డాల్ఫీ. 1964 ఫిబ్రవరి 25న న్యూజెర్సీలో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఐదుగురు కూడి వాయించారు. డాల్ఫీ ఆల్టో సాక్సఫోన్, ఫ్లూటు, బేస్ క్లారినెట్ మూడూ పట్టాడు. బేస్ క్లారినెట్ సంగతి చెప్పకుండా ఉండలేను. పాతాళంలో గొణుగుతున్న గొంతు ఒక్క గంతులో మేడ మీదికెక్కి కేక పెడుతుంది, మధ్యలో మెట్లే ఉండవు. 1961లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ‘ఇండియా’ వాయించినప్పుడు పక్కన ఇదే వాద్యంతో నిలబడ్డది ఈయనే.

ఆ ఏడాదే జూన్ 29న బెర్లిన్‌లో ఆయన చక్కెర జబ్బుతో పోయాడు. 36 ఏళ్లు. నేను బజారుకొచ్చింది ఆ తర్వాతే. ఆయన చెయ్యి నా మీద పడనే లేదు.

నేను బొంబాయి చేరి చోర్‌బజార్ మటన్ స్ట్రీట్‌లో సినిమా పాటల కట్టల కింద ఏళ్ల తరబడి పడున్నాను. ఈ ఊరికి జాజ్ కొత్త కాదు. 1935లోనే లియాన్ ఆబే బృందం తాజ్ హోటల్లో వాయించింది. తర్వాత గోవా వాద్యకారుల చేతుల మీదుగా సినిమా పాటల్లోకి దూరి గల్లీలకు వచ్చింది. నేను మాత్రం ఏ పాటలోనూ దూరకుండా నేరుగా వచ్చాను.

ఒకనాడు గీతలు పడ్డాయేమో చూద్దామని దుకాణంవాడు నన్ను తిప్పాడు. దారిన పోతున్న ఒక ముసలాయన ఆగిపోయాడు. పెళ్లిళ్లలో సన్నాయి వాయించి అలిసిన మనిషి. బేరమాడకుండా నన్ను చంకలో పెట్టుకుని కామాఠీపురకు నడిచాడు.

కామాఠీపుర అంటే బయటివాళ్లు ఒక్క మాటే అంటారు, వేశ్యావాటిక అని. కానీ ఆ పేరు తెలుగు నేల నుంచి వలస వచ్చి, ఈ నగరానికి రాళ్లెత్తిన కామాఠీలది. వాళ్ల వారసుల చాళ్లు ఇంకా ఆ గల్లీల్లో ఉన్నాయి. అలాంటి చాల్‌లో మూడో అంతస్తు మీద ఒక ఇరుకు ఖోలీ గది, వరండా నిండా ఆరేసిన బట్టలు.

రెండో వైపు పెట్టగానే ముసలమ్మ పొయ్యి దగ్గర్నుంచి అరిచింది.

“ఏందయ్యా ఈ లొల్లి? మేళపోల్లు కొట్టుకుంటున్నరా?”

“లొల్లి గాదే, ఇను. ఐదు లెక్క. తక తకిట, తక తకిట.”

నన్ను ఇంత త్వరగా పట్టుకున్నవాళ్లు లేరు. నా పేరే పెట్టుకున్న బాణీ ఐదు దెబ్బల మీదే ఎత్తుకుంటుంది, ఖండచాపు తెలిసిన చెవికి అది చుట్టమే. ఆ తర్వాత ఎవరి దారి వారిది. టోనీ విలియమ్స్‌కి అప్పటికి 18 ఏళ్లు. డ్రమ్స్ మీద లెక్క వదిలేసి, అందరూ మరిచారనుకున్నప్పుడు పట్టుకొస్తాడు. నాలో పియానో లేదు. బాబీ హచర్సన్ వైబ్రాఫోన్ లోహపు పలకల మీద నాలుగు చుక్కలు రాల్చి పక్కకు తప్పుకుంటాడు. అందుకే నాలో ఖాళీ చోటు ఎక్కువ. ఈ ఐదుగురిలో ప్రతివాడూ నాయకుడేనని డాల్ఫీ అభిప్రాయం.

“డోలు పోరడు ఆగం జేస్తుండు” అన్నాడు ముసలాయన, కళ్లు మూసుకుని. “మళ్ల తెస్తడు సూడు.”

తెచ్చాడు. ముసలాయన తొడ మీద చరిచాడు.

ఆఖరి పాట తాగినవాడి నడకలా తూలుతూ అయిపోయింది. చివరి గీతలో సూది టక్, టక్ అంటోంది. ఎవరూ లేచి తీయలేదు. ముసలాయన మూట విప్పి సన్నాయి తీశాడు, పీక నాలుకతో తడుపుకున్నాడు. ఆ టక్కునే తాళం చేసుకుని, అడుగు స్వరం నుంచి పై స్వరానికి మెట్టు లేకుండా ఒక్క గంతు వేశాడు. స్వరం చీలింది. మళ్లీ వేశాడు.

వరండాలో తడి చీర దులుపుతున్న చెయ్యి ఆగింది.