విరగని క్రేయాన్

రెండేళ్ల పిల్లవాడు క్రేయాన్ పట్టుకోవడం ఎప్పుడైనా చూశారా? వేళ్లతో పట్టుకోడు. గుప్పిట బిగించి, మొన కిందికి పెట్టి, రోకలిపోటు వేసినట్టు దించుతాడు. మూడు వేళ్ల మధ్య పట్టుకునే నేర్పు రావడానికి ఇంకో రెండేళ్లయినా పడుతుంది. అందాకా ఆ పోటుకు తట్టుకోవాల్సింది పాపం, ఆ కాస్త మైనం!

మా అమ్మాయి ఫోన్లో ఒకటే మాట చెప్పింది. "నాన్నా, రంగులు ఏవైనా ఫర్వాలేదు, విరగనివి తీసుకురా." నేను ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయినవాణ్ణి. విరగనివి అనగానే లెక్క గుర్తొస్తుంది. గుండ్రటి కడ్డీ లావు రెట్టింపయితే, దాన్ని వంచి విరగ్గొట్టడానికి 8 రెట్లు బలం కావాలి. గవర్నర్‌పేటలో స్టేషనరీ షాపాయనకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఓపిగ్గా విని, "జంబోవి కావాలి, అంతేగా సార్?" అన్నాడు. ఆ 'అంతేగా'కి మనసు చివుక్కుమంది గానీ, అంతే.

జంబోల్లో గుండ్రటివి మంచం కిందికి దొర్లిపోతాయి. వాటి వెనకాల పాకాల్సింది తాతలే. మూడు పలకలవి పెట్టిన చోటే ఉంటాయి. ఆయిల్ పేస్టల్స్ రంగు బాగా పడుతుంది కానీ మరీ మెత్తన, ఆ గుప్పిట్లో పిండి పిండే. ప్లాస్టిక్‌వి గట్టి పిండాలు. మైనం వాటికుండే కాగితం తొడుగు అలంకారానికి కాదు, లోపల విరిగినా ముక్కల్ని పట్టి ఉంచుతుంది. మా మనవడు బొమ్మ సంగతి తర్వాత చూసుకుందామని ముందా తొడుగు ఒలుస్తాడు. ఆపైన టైల్స్ మీదికి ఒక్క విసురు. జంబో విరగలేదు. వాడి ముఖం చిన్నబోయింది. వెళ్లి చపాతీ కర్ర తెచ్చుకున్నాడు.

రంగుల సంఖ్యంటారా, అమెరికాలో 1903లో తొలి క్రేయోలా పెట్టె వచ్చినప్పుడు అందులో ఉన్నవి 8, వెల 5 సెంట్లు. ఇప్పుడు 24కి తగ్గితే షాపువాళ్లకే నామోషీ. మావాడు అన్నిట్లోంచీ నలుపే తీస్తాడు. నెమలికి నలుపు, మామిడిపండుకి నలుపు, నా పంచెకీ నలుపే.

నవ్వులాట కాని సంగతి ఒకటుంది. విరిగిన ముక్క తిన్నగా నోట్లోకే పోతుంది. మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువుల్ని 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో వేసి చూస్తారు. పూర్తిగా ఇమిడిపోయిందంటే గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉన్నట్టే. కాబట్టి ముక్కలు ఎప్పటికప్పుడు ఏరి పారేయాలి. పెట్టె మీద 'నాన్ టాక్సిక్' అని ఉందో లేదో కూడా చూడాలి. దానర్థం తినమని కాదు. మావాడికి ఆ తేడా ఇంకా తెలియలేదు.

కొనబోయేవాళ్లకు నా ఎస్టిమేటు ఇది: లావుపాటివి, మూడు పలకలవి, ఆరు రంగులు చాలు. ఇంటి గోడలకు పెయింటింగు మటుకు పిల్లవాడు బళ్లో చేరాకే వేయించండి.