పైసలిచ్చి ఉరుకుడు

మా బసంత్‌నగర్‌లో ఒక రన్‌వే ఉంది. విమానాలే లేవు. 1980ల్లో వాయుదూత్ విమానం హైదరాబాద్ నుంచి వచ్చి సిమెంటు ఫ్యాక్టరీ పక్కన దిగేది. తర్వాత దానికి మా ఊరు గిట్టుబాటు కాలేదు. అప్పటినుంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా విమానాశ్రయం వస్తుంది, వెనకాలే సర్వే వాళ్ళు వస్తారు, కొలుస్తారు, పోతారు. ఈమధ్య అంతర్గాం వైపు వేలు చూపిస్తున్నారు. వాళ్ళు ఎటు చూపించినా రన్‌వేను దాని పేరుకు తగ్గట్టు వాడుకుంటున్నది మేమే. తెల్లవారుజామున పోతే అక్కడ ఉరికేవాళ్ళు కనిపిస్తారు. అందరూ పాతికేళ్ళ లోపు పిల్లలే. అందరి చేతుల్లో స్టాప్‌వాచీ పెట్టిన సెల్లులే.

వాళ్ళ లెక్క చాలా స్పష్టం. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. 7 నిమిషాల 16 సెకన్లకు వచ్చినవాడికి ఎవరూ అరటిపండు ఇవ్వరు. వాడు ఇంటికి వచ్చి మళ్ళీ నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తాడు, ఈలోపు వయసు దాటిపోతుంది. మా దగ్గర పరుగంటే ఇదే. ఉరికితే నౌకరి వస్తది, లేకుంటే రాదు.

అలాంటి ఊళ్ళో ఉన్న నాకు మాదాపూర్ నుంచి మావాడు ఫోన్ చేసి, "నాన్నా, నీ పేరూ మామ పేరూ హైదరాబాద్ మారథాన్‌కు ఇచ్చిన. హాఫ్" అన్నాడు.

మామ అంటే మా బావ. మా అక్క మొగుడు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్ళకు పైగా బాయిలకు దిగిన మనిషి. నేను సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తాగా కాగితాలు నలుపు చేశాను, ఆయన ఊపిరితిత్తులు నలుపు చేసుకున్నాడు. విషయం చెబితే, "హాఫ్ అంటే నాకు తెల్సింది ఒక్కటే బామ్మర్దీ. అదైతే ఎన్నడన్న రెడీ" అన్నాడు. ఇది అది కాదనీ, 21 కిలోమీటర్లనీ, దానికి మనమే ఫీజు కట్టామనీ చెప్పాను.

"పైసలు మనం కట్టుడేంది? ఉరికేది మనం గదా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

"ఎన్నడు?"

"ఆగస్టుల, ఆదివారం."

"ఆదివారమా! మరి ప్లేడే మస్టర్ ఇస్తరా?"

బొగ్గుబాయి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. మస్టర్ అంటే హాజరు. సింగరేణిలో ఆదివారం పనిచేస్తే ప్లేడే అంటారు. ఆ రోజుకు రెండింతల జీతం. ఆటరోజు అని పేరు పెట్టి పని చేయించుకున్నా డబ్బులు మాత్రం ఇస్తారు. హైదరాబాద్‌లో నిజంగానే ఆట పెట్టి డబ్బులు వాళ్ళే తీసుకుంటారు. బావ ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టుకుని రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు ఆయనే వచ్చాడు, ప్రాక్టీసు చేద్దామని. ఇద్దరం రన్‌వే మీదికి పోయాం. ఆయన లుంగీ మడిచి కట్టాడు, నేను పాత సఫారీ ప్యాంటు వేసుకున్నా. మమ్మల్ని రెండు రౌండ్లు దాటిపోయిన పిల్లవాడొకడు మూడో రౌండులో ఆగి చాలా గౌరవంగా అడిగాడు: "తాతా, మీరు ఏ నోటిఫికేషన్‌కు ప్రిపేర్ అయితున్రు?"

ఇక బూట్ల సంగతి. మావాడు పంపిన జత 12 వేలట. అడుగున కార్బన్ ప్లేటు ఉందట. 2019 అక్టోబరు 12న వియన్నాలో కిప్చోగె మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ఉరికింది ఇట్లాంటి బూట్లతోనేనని మావాడు ఫోన్లో పాఠం చెప్పాడు. బావ బూటును తిప్పి చూశాడు, వాసన చూశాడు. "కార్బన్ అంటే బొగ్గే గదా బామ్మర్దీ? మనం తవ్వి పంపినం. వాళ్ళు పల్చగ కొట్టి, బూట్లల్ల వెట్టి, మనకే 12 వేలకు అమ్ముతున్రు." బొగ్గు రంగంలో విలువ జోడింపు గురించి నేను చదివిన వ్యాసాలన్నింటిలోకీ ఇదే పొట్టిది.

ఇక్కడ ఒక ఇబ్బంది సంగతి చెప్పాలి. మా కోల్‌బెల్ట్‌లో 'అన్‌ఫిట్' అనేది తిట్టు కాదు, ఆస్తి. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు కూర్చుని, ఈ మనిషి ఇక బాయి పనికి పనికిరాడని రాస్తే, అతని కొడుక్కు నౌకరి దారి తెరుచుకుంటుంది. అందుకని మా దగ్గర పెళ్ళి మాటల్లో "పిల్లగాని అయ్య అన్‌ఫిట్ అయిండా?" అని ముందే అడుగుతారు. అయ్యాడంటే ముహూర్తం పెట్టుకోవచ్చు. బావకు చూపు దెబ్బతిన్నదని బోర్డు తేల్చింది. నిజమే, రాత్రిపూట ఆయనకు ఎదురుగా వచ్చేది మనిషో స్తంభమో తెలియదు. కాళ్ళకు ఏమీ కాలేదు. కానీ ఊరు అవయవాల వారీగా లెక్క పెట్టుకోదు. ఆయన అన్‌ఫిట్, ఆయన కొడుకు నౌకరి చేస్తున్నాడు, అంతే.

ఈ పరిస్థితిలో మారథాన్ ఫారంలో 'నేను వైద్యపరంగా ఫిట్‌గా ఉన్నాను' అని ఒక గడి ఉందనీ, బావ తరఫున అందులో మావాడే టిక్కు పెట్టాడనీ ఆయనకు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పోలేదు. "అది కొత్తగూడెం పోతదా?" అని నాలుగుసార్లు అడిగాడు. నగరంలో మనుషులు తాము ఫిట్ అని కాగితం తెచ్చుకోవడానికి ఎదురు డబ్బు కడతారనీ, ఆ కాగితాన్ని అద్దంలో పెట్టి గోడకు కొడతారనీ చెబితే నమ్మలేదు.

హైదరాబాద్ రన్నర్స్ అనే సంఘం 2007లో పుట్టింది. వాళ్ళు 2011లో ఈ మారథాన్ మొదలుపెట్టారు. ముందు హైటెక్స్‌లో నంబరు బిళ్ళ తీసుకోవాలి. అక్కడ అంగళ్ళు, జాతర. ఒక కుర్రాడు బావ చేతికి వాచీ తొడిగి, రాత్రి నిద్ర ఎంత బాగా పట్టిందో ఇది పొద్దున చెబుతుంది అన్నాడు. "ముప్పై ఏండ్లు రాత్రి షిఫ్టు చేసిన. నిద్ర ఎట్ల వట్టిందో మా ఇంటామెనే చెప్తది, చార్జింగు వెట్టే పని లేదు" అని బావ వాచీ విప్పి ఇచ్చేశాడు.

ఆదివారం చీకటి ఉండగానే పీపుల్స్ ప్లాజా. వేలమంది. సగం మంది తొడలకు వాజిలిన్ రాసుకుంటున్నారు, సగం మంది సెల్ఫీ దిగుతున్నారు, మిగిలినవాళ్ళంతా ప్లాస్టిక్ మరుగుదొడ్ల ముందు లైన్లో ఉన్నారు. సగం, సగం పోయాక మిగిలినవాళ్ళు ఎక్కడివాళ్ళని అడగకండి, ఆ లైను చూస్తే మీరూ నమ్ముతారు. అక్కడి భాషే వేరు. కాడెన్స్, టేపరింగ్, నెగటివ్ స్ప్లిట్. ఒకాయన, "ముప్పై కిలోమీటర్ల తర్వాత గోడ వస్తుంది, దాన్ని గుద్దుకుంటాం" అని వివరిస్తున్నాడు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం అయిపోయి కాళ్ళు మొరాయించడాన్ని అలా అంటారు. బావ శ్రద్ధగా విని, నా చెవిలో అన్నాడు: "గీడ మనిషే పోయి గోడను గుద్దుకుంటడట. మా బాయిల గోడనే వచ్చి మనిషిని గుద్దుతుండె."

కాళ్ళ కింద చాప ఒకటి కీచుమంది. నంబరు బిళ్ళలోని చిప్పు అందులో టైము ఎక్కిస్తుంది. "మస్టర్ వడ్డది" అన్నాడు బావ, ఊపిరి పీల్చుకుని. అదొక్కటి పడితే ఆయనకు మిగతా రోజంతా ధైర్యం.

రెండున్నర గంటల్లో తీసుకుపోతామని జెండా పట్టుకున్న పేసర్లు ఉంటారు, వాళ్ళ గుంపును బస్సు అంటారు. మా బస్సు మొదటి కిలోమీటరులోనే దాటిపోయింది. చెయ్యి ఎత్తినా ఆపలేదు. ఆ విషయంలో అది అసలు బస్సే.

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. మావాడి దగ్గరికి ఎన్నోసార్లు వచ్చాను. ఈ మహానగరంలో రోడ్డు దాటడానికి ఆంజనేయస్వామిని తలుచుకుని అడుగు వేసేవాణ్ణి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన ఇడ్లీబండి, దాని పక్కన పార్కు చేసిన బుల్లెట్టు. నడిచేవాడు బురదలోకి దిగాల్సిందే. ఫ్లైఓవర్ అయితే కాళ్ళకు నిషేధమే. ఇవాళ నడిమధ్యలో నడుస్తున్నాను, పోలీసాయన నాకోసం కార్లను ఆపి నిలబడ్డాడు! మిగతా 364 రోజులు కాళ్ళున్నందుకు తిట్లు తిన్న మనిషికి, ఫీజు కడితే ఒక పూట రోడ్డు రాసిస్తారు. బారికేడ్ అవతల స్కూటరాయన హారన్ కొడుతూ మమ్మల్ని తిడుతున్నాడు. ఆయన బాధ అర్థమైంది. నిన్నటిదాకా నేను ఉన్నది ఆయన వైపు కూడా కాదు, ఆయన చక్రం కింద.

నెత్తిమీద మెట్రో పట్టాలు చూసి బావకు ఆలోచన వచ్చింది. "బామ్మర్దీ, గీడ ఎక్కి ఆడ దిగితే?" 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఫ్రెడ్ లోర్జ్ అనే ఆయన సరిగ్గా ఇదే ఆలోచించాడనీ, 11 మైళ్ళు కారెక్కి వచ్చి అందరికన్నా ముందు గీత దాటాడనీ, తర్వాత పట్టుకున్నారనీ చెప్పాను. "కారు ఎక్కినోడు ముందు వచ్చుడు ఒలింపిక్‌లనేనా ఏంది" అని బావ నడక సాగించాడు.

జూబ్లీహిల్స్ ఎత్తు గురించి రాయను. నా కాళ్ళు ఆ విషయం మీద ఇప్పటికీ మాట్లాడటం లేదు. దారి పొడవునా చిన్నచిన్న పిల్లలు నీళ్ళు, నారింజ తొనలు, ఉప్పు అందిస్తూ "సూపర్ అంకుల్, ఇంకా రెండు కిలోమీటర్లే" అని అరుస్తున్నారు. పద్నాలుగో కిలోమీటరు దగ్గరా రెండే, పదహారు దగ్గరా రెండే. నాకు మా విమానాశ్రయం గుర్తొచ్చింది. కానీ ఈ పిల్లల చేతిలో ఉప్పైనా ఉంది.

కేబుల్ బ్రిడ్జి దిగాక, మా వెనకాల చీపురు పట్టుకుని కాగితం గ్లాసులు ఊడ్చుకుంటూ వస్తున్న ఒకామె బావను పట్టుకుంది.

"ఏం పంచుతున్నరన్నా ఆడ? గింత మంది ఉరుకుతున్రు?"

"బిళ్ళ ఇస్తరట చెల్లె."

"వెండిదా?"

"కాదు."

ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది. మళ్ళీ ఊడ్చుకుంది. పొద్దుటినుంచి ఆమె కూడా మా వెంటే కిలోమీటర్ల కొద్దీ నడిచి ఉంటుంది, వంగి. ఆమె నడకకు ఏ చాపా కీచుమనదు.

గచ్చిబౌలికి వచ్చేసరికి నా ఎడమకాలి బొటనవేలి గోరు నల్లబడింది. కోల్‌బెల్ట్‌లో ఇన్నేళ్ళు బతికి నా ఒంటి మీద పడ్డ మొదటి నలుపు ఇదే అని బావ సంతోషించాడు. 21 అయిపోయిందనుకుంటే ఇంకా దాదాపు వంద మీటర్లు ఉంది. "గిదెందుకు మల్ల?" 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాచకుటుంబం కూర్చున్న చోటు ముందర ముగించారనీ, కొలిస్తే 26 మైళ్ళ 385 గజాలు వచ్చిందనీ, 1921లో అదే ఖాయమైందనీ, 42.195 కిలోమీటర్ల లెక్క అదేననీ, మనది అందులో సగమనీ ఆయాసపడుతూ చెప్పాను. బావ ఆగి లెక్క కట్టాడు.

"అంటే లండన్ల దొరసాని కుర్చీ జరగకుంట, మనం జరుగుతున్నమా?"

స్టేడియంలోకి వచ్చాం. మైకులో పాట, డప్పులు, కెమెరాలు. బావ కెమెరా చూడగానే టోపీ ముందుకు లాగి ముఖం దాచుకున్నాడు. పక్కన అందరూ చేతులు పైకెత్తి గీత దాటుతుంటే, ఆయన మాత్రం పోలీసులు కోర్టుకు తీసుకుపోతున్న మనిషిలా తల దించుకుని దాటాడు. ఆడపిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి ఆయన మెడలో మెడల్ వేసింది.

"కంగ్రాట్స్ అంకుల్! ఈ ఏజ్‌లో కూడా ఎంత ఫిట్‌గా ఉన్నారు!"

బావ గబుక్కున మెడల్‌ను చొక్కా లోపలికి తోసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మెల్లగ బిడ్డా. కొత్తగూడెం దాకా ఇనబడ్తది."