తప్పు తమ్ముడిది, ఫీజు అక్కది

"గతాన్ని వదిలేయండి. క్షమించండి. తేలికపడండి. ఆరు సెషన్ల ప్యాకేజీ, ఈ రాత్రి పన్నెండు లోపు బుక్ చేస్తే సగం ధరకే."

ఇలాంటి ప్రకటనలు నిద్ర పట్టక మంచం మీద ఫోను తిప్పుతున్నవాళ్ల కళ్లకే పడతాయి. హాయిగా గురక పెట్టేవాడు వీటిని చూడడు. వాడికి వీటితో పనిలేదు. చాలాసార్లు, చేసింది వాడే.

ఈ వ్యాపారంలో చమత్కారమంతా ఇక్కడే ఉంది. గేదె చేలో పడితే గేదెగలాయన నష్టం కట్టాలి. స్కూటరు గుద్దినవాడు రిపేరు ఖర్చు పెట్టుకోవాలి. మనసు విరగ్గొడితే మాత్రం, విరిగినవాళ్లే గంటకింత చొప్పున కట్టి, విరగ్గొట్టినవాడి ఖాతా మాఫీ చేయడం నేర్చుకోవాలి. బాకీదారు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు, అప్పిచ్చినామె బాకీ కొట్టేయడం ఎలాగో ట్యూషన్ పెట్టించుకుంటుంది.

ఒక అక్కను తీసుకుందాం. పేరెందుకు, ప్రతి వీధిలోనూ ఉంది. నాన్న పోయిన ఏడాదికి తమ్ముడు కాగితాలు పట్టుకొచ్చాడు. "ఏం లేదక్కా, బ్యాంకు లోను కోసం. ఉత్త ఫార్మాలిటీ." ఆటోలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఫొటో దిగింది, వేలిముద్రలు వేసింది, బయట కొబ్బరిబోండం తాగింది, ఒక పట్టుచీర తెచ్చుకుంది. ఆర్నెల్లకు ఆ రెండెకరాలు ప్లాట్లయ్యాయి. ప్లాట్లకు వేసిన పేరు కూడా నాన్నదే. అక్కకు తెలిసింది పక్కింటాయన వాట్సాప్‌లో బ్రోచరు పంపితే.

1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లాడితో సమానంగా వాటా ఉందంది. ఇరవై ఏళ్లకు, 2005లో, పార్లమెంటు పెళ్లి షరతు కూడా తీసేసి దేశమంతటికీ అదే మాట చెప్పింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని తేల్చేసింది. అసెంబ్లీ, పార్లమెంటు, సుప్రీంకోర్టు కలిసి కట్టబెట్టిన వాటాను వెనక్కి లాక్కోవడానికి తమ్ముడికి కావలసి వచ్చినవి ఒక హక్కు విడుదల దస్తావేజు, ఒక ఆటో, ఒక చీర.

అక్కకు నిద్ర పట్టదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, అనవలసిన మాటలన్నీ ఫ్యానుతో అంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లంతా చెప్పే మందు ఒక్కటే. "పోనీలేమ్మా. తోడబుట్టినవాడు. రేపు నీకేదైనా అయితే పుట్టింటి నుంచి రావలసింది వాడేగా." మేనమామ చెప్పాడు, పిన్ని చెప్పింది, గుళ్లో పూజారి చెప్పాడు. "మనసులో పెట్టుకుంటే బీపీ వస్తుంది" అని బీపీ తెప్పించినవాడి భార్య కూడా చెప్పింది. వీళ్లలో ఒక్కరైనా తమ్ముడి ఇంటికెళ్లి, "ఏరా, ఆ ఎకరం ఎప్పుడిస్తావు" అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే ఆ ఇంట్లో కాఫీ దొరకదు. అక్క ఇంట్లో ఎలాగైనా దొరుకుతుంది.

సరే, బంధువుల మీద విసుగెత్తి అక్క యాప్ తెరిచింది. కనీసం వీళ్లు చదువుకున్నవాళ్లు కదా అనుకుంది.

ముందు ఫారం. "మీ బాధ తీవ్రత 1 నుంచి 10 లోపు ఎంత?" గీత మీద చుక్కను కుడివైపు లాగింది, చివరికొచ్చి ఆగిపోయింది. "మిమ్మల్ని గాయపరిచింది ఎవరు?" నొక్కితే జాబితా జారింది: జీవిత భాగస్వామి, మాజీ భాగస్వామి, తల్లిదండ్రులు, పై అధికారి, ఇతరులు. ఆ జాబితా రాసినవాడికి అన్నదమ్ములు లేరో, ఉన్నా పొలం లేదో. తమ్ముడు 'ఇతరుల'లోకి వెళ్లాడు. కోర్టులో కూడా అతడి వకీలు అదే వాదించబోతున్నాడు లెండి, సంతకం పెట్టాక మీరు మాకు ఇతరులే అని. "మీరు ఏం ఆశిస్తున్నారు?" క్షమించగలగడం, ముందుకు సాగడం, అంతర్గత శాంతి. మూడు గడులే. 'నా ఎకరం' అన్న గడి లేదు. "భాష?" తెలుగు అని టిక్కు పెట్టింది. తెలుగు మాట్లాడే థెరపిస్టు వచ్చే గురువారం రాత్రి పదిన్నరకు ఖాళీ ఉంటారని, ఇంగ్లీషు అయితే పావుగంటలోనే సిద్ధమని వచ్చింది. గురువారం దాకా ఆగింది.

తర్వాతి సమస్య కూర్చోవడం. ప్రశాంతమైన, ఏకాంతమైన గదిలో కూర్చోండి అంటుంది యాప్. రెండు పడగ్గదుల ఇంట్లో ఒకదాంట్లో అత్తగారు, ఒకదాంట్లో పరీక్షలకు చదువుతున్న పిల్లాడు, హాల్లో టీవీ, టీవీ ముందు ఆయన. అక్క మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కకు వెళ్లింది. తోడబుట్టినవాడు చేసిన ద్రోహం చెప్పుకుంటున్న సమయంలో కింది వాటావాళ్లు మోటారు వేశారు. ఆయన మెట్లెక్కి వచ్చి, ఇంత రాత్రప్పుడు ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. డాక్టరుతో అంది. ఏమైంది అన్నాడు. ఏం లేదంది. ఏం లేనిదానికి డబ్బెందుకు కట్టావన్నాడు.

థెరపిస్టు మర్యాదస్తురాలే. ముందు అక్కతో మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్పించి వదిలించింది. తర్వాత, "మీ తమ్ముడికి ఒక ఉత్తరం రాయండి మామ్. మనసులో ఉన్నదంతా. కానీ పంపకండి" అంది.

"లాయరు రాస్తే పంపొచ్చా అమ్మా?" అని అడిగింది అక్క.

థెరపిస్టు ఆ ప్రశ్నను దాటేసి ఖాళీ కుర్చీకి వచ్చింది. ఎదురుగా ఒక కుర్చీ వేసుకుని, అందులో తమ్ముడు కూర్చున్నాడనుకుని మాట్లాడాలట. మేడ మీద ఉన్నది ఒకటే ప్లాస్టిక్ కుర్చీ. "అదీ వాడికేనా? నేను నిలబడాలా?" అంది అక్క. థెరపిస్టు నోట్సులో 'ప్రతిఘటన' అని రాసుకుంది.

ఖాళీ కుర్చీ తప్పుడు పద్ధతేం కాదు. తెలిసినవాళ్ల చేతిలో పనికొచ్చే పనిముట్టే. పేచీ అంతా ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి, అందరూ ఆర్‌సీఐ అనేది, దాని రిజిస్టరులో పేరుండాలి. లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! చాలాచోట్ల ఒక్క సెషన్ ఫీజు అంతకంటే ఎక్కువ. పొద్దున మొదటి గిరాకీతో జరిమానా కట్టేసి, రెండో గిరాకీ నుంచి లాభం చూసుకోవచ్చు. ఇక కౌన్సెలర్, కోచ్, హీలర్ అనే బోర్డులకైతే ఆ భయం కూడా లేదు. వాళ్లను దారిలో పెట్టడానికి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టమని 2021లో ఒకటి వచ్చింది. చట్టం నడుస్తోంది, బోర్డులు పరుగెడుతున్నాయి. వారాంతపు కోర్సు, ఒక సర్టిఫికెట్టు, వెనకాల ఒక మనీప్లాంటు, చేతిలో రింగు లైటు ఉంటే ఎవరైనా మీ తమ్ముణ్ని మీచేత క్షమింపజేయగలరు.

డాలస్‌లో ఉన్న ఇలాంటి మరో అక్కకు ఇంకో తిప్పలు. అక్కడ థెరపిస్టుకు, గిరాకీ ఏ రాష్ట్రంలో కూర్చుని ఉందో ఆ రాష్ట్రంలో ప్రాక్టీసు చేసే అనుమతి ఉండాలి. అందుకని టెక్సాస్‌లో లైసెన్సున్న తెలుగావిడ కోసం వెతికి, దొరక్క, రాత్రిపూట హైదరాబాదుకు ఫోను చేసి తన గోడు అమ్మకే చెప్పుకుంటుంది. అమ్మ ఉండేది తమ్ముడి దగ్గరే. స్పీకరు ఆన్‌లో ఉంటుంది.

స్పీకరు సంగతి యాప్‌లకూ వర్తిస్తుంది. బెటర్‌హెల్ప్ అనేది అమెరికాలో పేరుమోసిన ఆన్‌లైన్ థెరపీ కంపెనీ. మీ వివరాలు గోప్యం అని వాగ్దానం చేసి, చేరేటప్పుడు జనం నింపిన ప్రశ్నాపత్రాల సమాచారాన్నీ ఈమెయిళ్లనూ ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాళ్లకు ప్రకటనల కోసం అందించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. 2023లో 78 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఇందులో మన కథకు కావలసిన ముక్క వేరే ఉంది. డబ్బయితే కడతాం కానీ, ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదు అని కంపెనీ ప్రకటించింది. మనసు బాగుచేసే కంపెనీకే 'తప్పయింది' అనే మాట గొంతు దాటలేదు. మన తమ్ముడు ఏపాటి?

ఇంతకీ క్షమను పుస్తకాల్లోకి, ప్రయోగశాలల్లోకి తెచ్చిన పెద్దమనిషి ఇదంతా ఇలా చెప్పాడా అంటే, లేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎన్‌రైట్ దశాబ్దాలుగా దీనిమీదే పనిచేశాడు, 1994లో దీనికోసం ఒక సంస్థే పెట్టాడు. ఆయన చెప్పేదేమిటంటే, క్షమించడం వేరు, మళ్లీ కలిసిపోవడం వేరు. క్షమించడమంటే జరిగింది ఒప్పే అనడం కాదు, మరిచిపోవడం కాదు, న్యాయం అడగడం మానుకోవడం అసలే కాదు. పైగా అది ఇష్టమైతే చేసేది, బలవంతం మీద చేయించేది కాదు. అంటే అక్క ఒక చేత్తో తమ్ముణ్ని క్షమించి ఇంకో చేత్తో దావా వేయొచ్చు. క్షమించకుండా దావా మాత్రమే వేసినా అది ఆవిడ ఇష్టం. ఈ షరతులన్నీ మన దగ్గరికి వచ్చే ఓడలో ఎక్కడో సముద్రంలో పడిపోయి, 'క్షమించండి' అన్న ఒక్క పెట్టె మాత్రం ఒడ్డుకు చేరింది. ఇక్కడ దాన్ని విప్పి చూస్తే లోపల పిన్ని కూర్చుని ఉంది: పోనీలేమ్మా.

అసలు మంచి థెరపిస్టులు లేరని కాదు. ఉన్నారు, చాలినంతమంది లేరు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో చాలా రాష్ట్రాల్లో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టయినా లేడు. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. ఆ కొద్దిమందిలో ఒకరు దొరికితే, ఆవిడ అక్కకు ముందు నిద్ర పట్టించే దారి చూస్తుంది. ఆ రాత్రి రెండింటి ఫ్యాను ప్రసంగాన్ని ఆపే దారి చూస్తుంది. క్షమ సంగతి తర్వాత చూద్దాం, అసలు చూడకపోయినా పర్వాలేదంటుంది. కనక అక్కయ్యలారా, డబ్బు కట్టేముందు రెండే అడగండి: మీ ఆర్‌సీఐ నంబరు ఎంత? నేను వాడిని క్షమించనంటే కూడా నన్ను చూస్తారా? రెండో ప్రశ్నకు అవతలివాళ్లు తడబడితే ఫోను పెట్టేయండి. పైసా అక్కర్లేకుండా కావాలంటే టెలీ మానస్ ఉంది, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. ఉచితమన్న ఒక్క లోపం వల్ల మన మధ్యతరగతికి దానిమీద నమ్మకం కుదరదు.

మన పురాణాలే చాలు, ఈ పాశ్చాత్యం ఎందుకు, క్షమ మన రక్తంలోనే ఉంది అనే పెద్దలు ఈపాటికి గొంతు సవరించుకుంటూ ఉంటారు. వారి కోసం అరణ్యపర్వం. అడవిలో ద్రౌపది ధర్మరాజును నిలదీస్తూ, ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలు గుర్తుచేస్తుంది. ఎప్పుడూ కోపమూ పనికిరాదు, ఎప్పుడూ ఓర్పూ పనికిరాదు. మునుపు మేలు చేసినవాడి తప్పు ఓర్చుకో. తెలియక చేసినదాన్ని ఓర్చుకో. మొదటి తప్పును ఓర్చుకో. తెలిసే చేసి, తెలియక చేశానని బుకాయించేవాణ్ని మాత్రం, తప్పు చిన్నదైనా వదలొద్దు. 'ఉత్త ఫార్మాలిటీ అక్కా' అన్నవాడు ఏ పద్దులో పడతాడో ఏ యాప్ అవసరం లేకుండా తేలిపోయింది. ఆరు సెషన్ల పని ద్రౌపది ఒక్క పూటలో చేసిపెట్టింది.

దానికి జవాబుగా క్షమాగుణం ఎంత గొప్పదో, లోకం దానిమీదే ఎలా నిలబడిందో ఆవిడకు సుదీర్ఘంగా ఉపన్యాసం ఇచ్చింది ఎవరంటే, ఆవిడను జూదంలో ఒడ్డినాయన.

కాబట్టి తిరగేసి ఆలోచించే తెలివైన కుర్రాళ్లు ఎవరైనా ఉంటే ఒక కొత్త కంపెనీ పెట్టాలి. బాధపడ్డవాళ్లకు కాదు, బాధపెట్టినవాళ్లకు. మొదటి సెషన్: 'నేను చేశాను' అని పైకి పలకడం. 'నీకేమైనా బాధ కలిగి ఉంటే', 'ఏదో పొరపాటు జరిగిపోయింది' అని టైపు చేస్తే తెర ఎర్రబడి ముందుకు కదలదు. రెండో సెషన్: అక్క వాటాకు నేటి మార్కెట్ రేటు లెక్కకట్టడం, కాలిక్యులేటరు యాప్‌లోనే ఉంటుంది. మూడోది: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మళ్లీ ఆటో, ఈసారి ఆటోచార్జీ వాడిదే, సంతకం కూడా వాడిదే. నాలుగోది అక్కర్లేదు. అక్క ఆ రాత్రే పడుకుంటుంది.

ఈ కంపెనీకి ఎవడూ పెట్టుబడి పెట్టడు. పెట్టినా, అక్క ఎవరిచేతో బతిమాలించి తమ్ముడి ఫోనుకు లింకు పంపించినా, తమ్ముడు కాదనడు, మంచివాడే, తెరుస్తాడు. "ఈ సేవ ఎవరికి కావాలి?" అని మొదటి ప్రశ్న. కింద రెండు గడులు: నాకు, నా కుటుంబ సభ్యులకు. తమ్ముడు క్షణం కూడా ఆలోచించకుండా రెండోది నొక్కి, అక్క నంబరు కొడతాడు.